ఇంటి రౌటర్‌లో పోర్ట్ ట్రిగ్గరింగ్ పెట్టడం ఎలా?

బెంగళూరులో అద్దె ఇల్లు తీసుకుని నలుగురు ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ వాడుకునే తెలుగువాళ్ళ నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది: "పోర్ట్ ట్రిగ్గరింగ్ ఆన్ చేశాం, నంబర్లూ వేశాం, అయినా నాట్ టైప్ స్ట్రిక్ట్ అనే చూపిస్తోంది. ఎక్కడ తప్పు?" (నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఇంటర్నెట్ అడ్రస్ వాడుకునేలా రౌటర్ చేసే పని. బయటివాళ్ళు మీ గేమ్ కన్సోల్‌ని నేరుగా చేరలేకపోతే నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తుంది.) చాలాసార్లు తప్పు నంబర్లలో ఉండదు. మీరు రూల్ రాసిన రౌటర్ దాకా బయటి ట్రాఫిక్ అసలు రావడమే లేదు. అందుకే ఇక్కడ రూల్ రాయడం అయిదో అంకెలో వస్తుంది. మొదటి రెండూ చూడకుండా నేరుగా అక్కడికి వెళ్తే సాయంత్రమంతా వృథా అవుతుంది.

పోర్ట్ అంటే ఒకే అడ్రస్ మీద ఏ ప్రోగ్రామ్ ట్రాఫిక్ ఏదో వేరుచేసే నంబర్. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఒక పోర్ట్‌ని ఒక పరికరానికి శాశ్వతంగా రాసిచ్చేస్తాం. ట్రిగ్గరింగ్‌లో అలా కాదు. ఇంట్లో ఏదో ఒక పరికరం ముందుగా బయటి సర్వర్‌లోని ఒక పోర్ట్‌కి ప్యాకెట్ పంపాలి. రౌటర్ అది గమనించి, మీరు చెప్పిన ఇన్‌కమింగ్ పోర్ట్‌లను ఆ పరికరానికే తెరుస్తుంది. కొంతసేపు ట్రాఫిక్ లేకపోతే మూసేస్తుంది. ఏ పరికరం పిలిస్తే దానికే తెరుచుకుంటుంది కాబట్టి లోపలి ఐపీని స్థిరంగా పెట్టక్కర్లేదు. ఇవాళ మీ ల్యాప్‌టాప్, రేపు మీ తమ్ముడి ల్యాప్‌టాప్ అదే రూల్ వాడుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి మాత్రం వాడుకోలేరు.

దీనితో కాని పనులు

ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి సీసీ కెమెరాలను బెంగళూరు నుంచి చూడాలంటే ట్రిగ్గరింగ్ పనికిరాదు. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) ఎవరో వచ్చి అడిగేదాకా ఊరికే కూర్చుంటుంది, తనంతట తాను ట్రిగ్గర్ పోర్ట్‌కి ప్యాకెట్ పంపదు. దానికి డీవీఆర్ కంపెనీ యాప్ గానీ, పోర్ట్ ఫార్వర్డింగ్ గానీ వాడాలి. ఇంట్లో నడిపే వెబ్ సర్వర్‌కీ ఇదే వర్తిస్తుంది. టొరెంట్‌లో బయటి కంప్యూటర్ల పోర్ట్‌లు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉంటాయి, కాబట్టి ట్రిగ్గర్‌గా పెట్టడానికి స్థిరమైన నంబర్ దొరకదు. ఇక ఆఫీసు వీపీఎన్: కనెక్షన్ మీ వైపు నుంచే మొదలవుతుంది కాబట్టి దానికి ఏ రూలూ అక్కర్లేదు. అది కలవకపోతే కారణం వేరే చోట ఉంది.

ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్‌లు ఒకేసారి ఆడాలంటే కూడా ఇది సరైన మార్గం కాదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమకు కావలసిన పోర్ట్‌లు తామే తెరిపించుకునే సదుపాయం) ఆన్ చేసి, రెండో కన్సోల్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ఆల్టర్నేట్ పోర్ట్ సెలక్షన్‌లోకి వెళ్ళి వేరే పోర్ట్ ఎంచుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రౌటర్ అడ్మిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు. పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లేకపోతే కనెక్షన్ ఇచ్చిన కంపెనీని అడగాలి.
- ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపిన ల్యాప్‌టాప్. వైఫైతోనూ పని అవుతుంది గానీ సెట్టింగ్స్ మార్చేటప్పుడు మధ్యలో తెగితే చికాకు.
- మొబైల్ డేటా ఉన్న ఫోన్. బయటి నుంచి పరీక్షించడానికి ఇదే సాధనం.
- ల్యాప్‌టాప్‌లో పైథాన్. పరీక్ష కోసం మాత్రమే.
- గేమ్ లేదా ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్ళ సహాయ పేజీలో ఇచ్చిన పోర్ట్‌ల జాబితా, టీసీపీనా యూడీపీనా (ఇవి డేటా పంపే రెండు పద్ధతులు) అన్న వివరంతో సహా.

పీజీలో ఉంటే రౌటర్ ఓనర్ చేతిలో ఉంటుంది. ఆ అడ్మిన్ లాగిన్ దొరకకపోతే మీ సొంత రౌటర్ కొని దాని వెనక పెట్టినా లాభం ఉండదు. ముందు ఓనర్‌తో మాట్లాడాకే డబ్బు ఖర్చుపెట్టండి.

1. మీకు పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూడండి

పబ్లిక్ ఐపీ అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా మీ రౌటర్‌ని చేరగలిగే అడ్రస్. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ తెరవండి. సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. రెండూ తెరుచుకోకపోతే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ ఇచ్చి, డీఫాల్ట్ గేట్‌వే పక్కన ఉన్న నంబర్ వాడండి.

లోపల స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ లేదా ఇంటర్నెట్ ఐపీ అని ఉంటుంది. ఇంటర్నెట్ వైపు మీ రౌటర్‌కి ఉన్న అడ్రస్ ఇది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత గూగుల్‌లో మీ ఐపీ ఏమిటో చూపించే సైట్ ఒకటి తెరిచి, అక్కడి ఐపీవీ4 నంబర్‌తో పోల్చండి.

రెండూ ఒకటే అయితే మూడో అంకెకు వెళ్ళండి. వేరైతే వ్యాన్ ఐపీ మొదలు చూడండి:

- 192.168తో మొదలైతే మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ ఉంది. రెండో అంకె మీకోసమే.
- 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే కంపెనీ చాలామంది కస్టమర్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వాడుతోంది. దీన్నే సీజీనాట్ అంటారు. ఈ పరిధిని 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు, కాబట్టి ఇందులో సందేహానికి తావు లేదు.
- 10తో గానీ, 172.16 నుంచి 172.31 మధ్య గానీ ఉంటే అది కంపెనీ నాట్ కావచ్చు, అపార్ట్‌మెంట్ అంతటికీ కలిపి వేసిన పెద్ద రౌటర్ కావచ్చు.

సీజీనాట్ వెనక ఉంటే మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఫలితం ఉండదు. బయటి ప్యాకెట్ కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "నా కనెక్షన్ సీజీనాట్‌లో ఉందా? పబ్లిక్ ఐపీ కావాలి, మారుతూ ఉన్నా ఫర్వాలేదు" అని ఈ మాటలతోనే అడగండి. "పోర్ట్ ఓపెన్ చేయండి" అంటే అవతల ఉన్నవాళ్ళకు విషయం అర్థం కాదు, రౌటర్ రీస్టార్ట్ చేయమని చెప్పి ఫోన్ పెట్టేస్తారు. చాలా కంపెనీలు నెలవారీ రుసుముకు స్టాటిక్ ఐపీ ఇస్తాయి. ట్రిగ్గరింగ్‌కి స్టాటిక్ అవసరం లేదు గానీ, పబ్లిక్ ఐపీ దొరికే దారి కొన్నిచోట్ల అదొక్కటే.

2. రెండు రౌటర్ల సమస్య తేల్చండి

ఫైబర్ కనెక్షన్‌తో కంపెనీ ఇచ్చిన డబ్బా ఒకటి, సిగ్నల్ బాగుంటుందని మీరు కొన్న రౌటర్ ఇంకొకటి. బెంగళూరు ఇళ్ళలో ఇది మామూలే. రెండూ నాట్ చేస్తుంటే బయటి నుంచి వచ్చింది మొదటి డబ్బా దగ్గరే రాలిపోతుంది. మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా తేలిక, మీ సొంత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం. వైఫై మాత్రమే అది చూసుకుంటుంది. రూల్ కంపెనీ డబ్బాలో రాయాలి. అందులో పోర్ట్ ట్రిగ్గరింగ్ మెనూ ఉందో లేదో ముందే చూసుకోండి. కొన్ని డబ్బాల్లో కంపెనీ దాన్ని దాచేస్తుంది.

రెండోది, కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం, అంటే అది నాట్ చేయకుండా కనెక్షన్‌ని నేరుగా మీ రౌటర్‌కి దాటించేలా. పని శుభ్రంగా జరిగేది ఇందులోనే. కానీ ముందు పీపీపీఓఈ (కంపెనీ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతికి తీసుకోండి, లేకపోతే మార్చిన క్షణం నుంచి ఇంటర్నెట్ ఉండదు. ఆ డబ్బాకే ల్యాండ్‌లైన్ ఫోన్ లేదా టీవీ బాక్స్ కలిపి ఉంటే అవి ఆగిపోతాయా అని కూడా అడగండి. కొన్ని కంపెనీలు పాత పరికరం మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్) మాత్రమే కనెక్షన్ ఇస్తాయి. అప్పుడు కొత్త రౌటర్‌లో మ్యాక్ క్లోన్ ఆప్షన్ వాడాలి.

మూడోది, కంపెనీ డబ్బాలో డీఎంజెడ్ అనే చోట మీ రౌటర్ వ్యాన్ ఐపీ ఇవ్వడం. బయటి ట్రాఫిక్ అంతా మీ రౌటర్‌కి వస్తుంది, అక్కడ ట్రిగ్గరింగ్ పనిచేస్తుంది. ఆ వ్యాన్ ఐపీ మారకుండా కంపెనీ డబ్బాలో అడ్రస్ రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే సెట్టింగ్) చేయండి. డీఎంజెడ్‌లో రౌటర్ అడ్రస్ తప్ప ఎప్పుడూ కంప్యూటర్ అడ్రస్ వేయకండి. దాని పోర్ట్‌లన్నీ ప్రపంచానికి తెరిచినట్టే అవుతుంది.

డీఎంజెడ్ పెట్టాక మొదటి అంకెలోని పోలిక కంపెనీ డబ్బా వ్యాన్ ఐపీతో చేయండి. అది కూడా 100.64 పరిధిలో ఉంటే మళ్ళీ కస్టమర్ కేరే గతి.

3. యూపీఎన్‌పీతో పని అవుతుందేమో చూడండి

ఈమధ్య గేమ్‌లు చాలావరకు యూపీఎన్‌పీ ఉంటే తమకు కావలసిన పోర్ట్‌లు తామే తెరిపించుకుంటాయి. ఆన్ చేసి, కన్సోల్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ వేసి, నాట్ టైప్ చూడండి. ఓపెన్ వస్తే ఇంకేం చేయక్కర్లేదు.

యూపీఎన్‌పీలో ఇబ్బంది ఒకటే: ఇంట్లోని ఏ ప్రోగ్రామ్ అయినా, చవక స్మార్ట్ బల్బు అయినా మిమ్మల్ని అడక్కుండా పోర్ట్ తెరవగలదు. అందుకే దాన్ని ఆపి ఉంచాలనుకునేవాళ్ళకు ట్రిగ్గరింగ్ మంచిది. ట్రిగ్గరింగ్ పెట్టేటప్పుడు యూపీఎన్‌పీ ఆపేయండి, ఒకే పోర్ట్ కోసం రెండూ పోటీపడితే ఏది పనిచేస్తోందో తెలియదు.

4. ఏ నంబర్లు కావాలో తేల్చుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ట్రిగ్గర్ పోర్ట్ అంటే మీ పరికరం *చేరాలనుకునే* సర్వర్ పోర్ట్. మీ కంప్యూటర్ తన వైపు వాడే పోర్ట్ కాదు. నెట్‌స్టాట్ (కంప్యూటర్‌లో నడుస్తున్న కనెక్షన్లను చూపించే కమాండ్) చూసి నంబర్ తీసుకునేవాళ్ళు లోకల్ అడ్రస్ కాలమ్‌లోది వేస్తారు. విండోస్‌లో అది 49152 నుంచి 65535 మధ్య ఎప్పటికప్పుడు మారిపోయే నంబర్. మీకు కావలసింది ఫారిన్ అడ్రస్ కాలమ్‌లో కోలన్ తర్వాత ఉన్నది. యూడీపీ అయితే నెట్‌స్టాట్ ఫారిన్ అడ్రస్‌ని చూపదు, నక్షత్రం గుర్తులే ఉంటాయి. అప్పుడు తయారీదారు జాబితానే ఆధారం.

ఆ జాబితాల్లో అన్ని నంబర్లూ కలిపి ఇస్తారు, ఏది ట్రిగ్గరో చెప్పరు. ఎక్స్‌బాక్స్‌నే తీసుకుందాం. దాని జాబితాలో 53, 80, 88, 500, 3074, 3544, 4500 ఉంటాయి. 53 డీఎన్ఎస్‌ది (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది), 80 వెబ్‌ది. వీటిని ట్రిగ్గర్‌గా పెడితే ఇంట్లో ఎవరు ఏ పేజీ తెరిచినా రూల్ వాళ్ళ ఫోన్‌కి వెళ్ళిపోతుంది. 443 కూడా ఇంతే. 500, 4500 మరీ మోసం: వైఫై కాలింగ్ ఆన్ చేసిన ఫోన్లు, ఆఫీసు వీపీఎన్‌లు వీటినే వాడతాయి. మిగిలిన వాటిలో యూడీపీ 3074ని ట్రిగ్గర్‌గా పెట్టి, ఇన్‌కమింగ్‌గా 3074ని టీసీపీ, యూడీపీ రెండింటికీ ఇవ్వండి. మార్పు లేకపోతే ట్రిగ్గర్‌ని యూడీపీ 3544కి మార్చి చూడండి.

ట్రిగ్గర్, ఇన్‌కమింగ్ వేర్వేరుగా ఉండే పాత ఉదాహరణ ఐఆర్‌సీ చాట్. కంప్యూటర్ సర్వర్‌లోని టీసీపీ 6667కి వెళ్తుంది. సర్వర్ మీరెవరో కనుక్కోవడానికి తిరిగి టీసీపీ 113కి వస్తుంది. ట్రిగ్గర్ 6667, ఇన్‌కమింగ్ 113.

ఇన్‌కమింగ్‌లో అవసరమైనవే వేయండి. "ఎందుకైనా మంచిది" అని 1 నుంచి 65535 దాకా వేస్తే ఇంట్లో వేరే రూల్స్ అన్నీ దెబ్బతింటాయి, భద్రతా పోతుంది.

5. రూల్ రాయండి

మొదట అసలు గేమ్ నంబర్లు వేయకుండా పరీక్ష రూల్ ఒకటి రాయమని మా సలహా. ట్రిగ్గర్ టీసీపీ 7777, ఇన్‌కమింగ్ టీసీపీ 8000. ఇది పనిచేస్తే రౌటర్, కనెక్షన్ బాగున్నట్టే, ఆపైన తేడా ఏదైనా నంబర్లదే.

మెనూ ఎక్కడుంటుందంటే:

- టీపీ-లింక్: అడ్వాన్స్‌డ్, నాట్ ఫార్వర్డింగ్, పోర్ట్ ట్రిగ్గరింగ్, యాడ్. ట్రిగ్గరింగ్ పోర్ట్, ఎక్స్‌టర్నల్ పోర్ట్ అనే గడులుంటాయి. ఎక్స్‌టర్నల్‌లో కామాలతో విడదీసి ఒకటికి మించి పరిధులు ఇవ్వవచ్చు.
- ఏసస్: వ్యాన్ పేజీలో పోర్ట్ ట్రిగ్గర్ ట్యాబ్. ముందు ఎనేబుల్ నొక్కాలి. వివరాలు నింపాక వరుస చివర ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, ఆ తర్వాత అప్లై నొక్కాలి. ప్లస్ మర్చిపోతే రూల్ సేవ్ కాదు.
- నెట్‌గేర్: అడ్వాన్స్‌డ్ సెటప్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, పోర్ట్ ట్రిగ్గరింగ్ ఒకే పేజీలో ఉంటాయి. ట్రిగ్గరింగ్ ఎంచుకోండి. పైన డిసేబుల్ పోర్ట్ ట్రిగ్గరింగ్ అనే టిక్ ఉంటే తీసేయండి. టైమ్‌అవుట్ (ట్రాఫిక్ లేకపోతే పోర్ట్ మూసే గడువు) మామూలుగా 20 నిమిషాలుంటుంది.
- పాత డీ-లింక్: ఈ పేరుతో వెతికితే దొరకదు, అప్లికేషన్ రూల్స్ అని ఉంటుంది.
- లింక్‌సిస్: ట్రిగ్గర్డ్ రేంజ్ అంటే బయటికి వెళ్ళేది, ఫార్వర్డెడ్ రేంజ్ అంటే లోపలికి వచ్చేది. తారుమారు చేసేవాళ్ళు చాలామంది.

పరిధి అడిగే రౌటర్‌లో ఒకే పోర్ట్ కావాలంటే మొదటి గడిలో, చివరి గడిలో అదే నంబర్ వేయండి. టీసీపీ, యూడీపీ విషయంలో సందేహం ఉంటే రెండూ ఎంచుకుని, పనిచేశాక ఒక్కొక్కటి తీసి చూడండి. అదే పోర్ట్‌కి పాత ఫార్వర్డింగ్ రూల్ ఉంటే తొలగించండి, మామూలుగా దాని మాటే చెల్లుతుంది. యాప్‌తో మాత్రమే నడిచే మెష్ రౌటర్లలో (ఇల్లంతా వైఫై అందేలా రెండు మూడు పెట్టెలు కలిసి పనిచేసేవి) చాలావాటికి ట్రిగ్గరింగ్ మెనూ ఉండదు. వాటికి ఫార్వర్డింగ్, అడ్రస్ రిజర్వేషన్ కలిపి వాడాలి.

6. బయటి నుంచి పరీక్షించండి

ల్యాప్‌టాప్‌లో కొత్త ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి. ఖాళీ ఫోల్డర్ అని ఎందుకంటున్నామంటే, ఇప్పుడు నడిపే సర్వర్ ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా బయటికి చూపిస్తుంది. ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పైథాన్‌తో వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ని 8000 పోర్ట్ మీద నడపండి. విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇవ్వండి. మీ కనెక్షన్‌ని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తుపెట్టుకుని ఉంటే ప్రైవేట్‌కి మార్చండి. లేకపోతే రౌటర్ పంపినా ల్యాప్‌టాప్ తీసుకోదు.

ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో మీ పబ్లిక్ ఐపీ, కోలన్, 8000 తెరవండి. ముందు హెచ్‌టీటీపీ అని స్పష్టంగా టైప్ చేయండి, ఎస్ లేకుండా. *ఇప్పుడు పేజీ రాకూడదు.* వచ్చిందంటే పాత ఫార్వర్డింగ్ రూల్ ఏదో ఇంకా ఉంది.

తర్వాత ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో అలాగే ఎస్ లేని హెచ్‌టీటీపీతో 8.8.8.8, కోలన్, 7777 అని ఇవ్వండి. పేజీ తెరుచుకోదు, తెరుచుకోనక్కర్లేదు. ప్యాకెట్ బయటికి వెళ్ళిందంటే రౌటర్‌కి సంకేతం అందినట్టే. సైట్ పేరు బదులు అంకెల అడ్రస్ ఇవ్వమన్నది ఊరికే కాదు. పేరు ఇస్తే బ్రౌజర్ ఐపీవీ6లో వెళ్ళవచ్చు, ట్రిగ్గరింగ్ ఐపీవీ4ని మాత్రమే చూస్తుంది. 6667 లాంటి నంబర్లతో కూడా ఈ పరీక్ష చేయకండి, బ్రౌజర్లు వాటిని తామే అడ్డుకుంటాయి.

వెంటనే ఫోన్‌లో పేజీ రిఫ్రెష్ చేయండి. మీ టెక్స్ట్ ఫైల్ పేరు కనిపించాలి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఫోన్ ఐపీతో కొత్త లైన్ పడాలి. ఆ లైన్ పడితే ప్యాకెట్ చేరినట్టు. టైమ్‌అవుట్ దాటేదాకా ఏమీ ముట్టుకోకుండా ఉండి మళ్ళీ చూడండి. ఈసారి రాకూడదు.

అయ్యాక కంట్రోల్-సీతో సర్వర్ ఆపి, పరీక్ష రూల్ తీసేసి, అసలు రూల్ రాయండి. ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో టెస్ట్ నాట్ టైప్, పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్, టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్ నొక్కితే ఫలితం తెలుస్తుంది. పీఎస్5లో టైప్ 2 వస్తే చాలు. టైప్ 1 రౌటర్ లేకుండా నేరుగా కలిపినప్పటిది, దాని కోసం తంటాలు పడకండి.

పరీక్ష కుదరకపోతే

*పేజీ అసలు రావట్లేదు, లైన్ పడట్లేదు.* ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉందా? ఉంటే 7777 ప్యాకెట్ సొరంగంలోంచి వెళ్తుంది, రౌటర్‌కి కనిపించదు. వీపీఎన్ ఆపి చేయండి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే దాని ఫైర్‌వాల్ మీ చేతిలో ఉండదు, వేరే కంప్యూటర్ వాడండి.

*అదే వైఫైలో ఉన్న ఫోన్‌తో చూస్తే రావట్లేదు.* అది పరీక్ష కాదు. ఇంటి లోపలి నుంచి సొంత పబ్లిక్ ఐపీకి వెళ్తే చాలా రౌటర్లు తిప్పి పంపవు. మొబైల్ డేటానే వాడాలి.

*పోర్ట్ చెకింగ్ సైట్ క్లోజ్డ్ అంటోంది.* ఆ నిమిషంలో ట్రిగ్గర్ జరగకపోయినా, 8000 మీద ఏ ప్రోగ్రామూ వినకపోయినా అలాగే చూపిస్తుంది. గేమ్ ఆపేసి చెక్ చేస్తే ఎప్పుడూ క్లోజ్డే.

*మొదట పనిచేసి, ఆట మధ్యలో పోతోంది.* టైమ్‌అవుట్ గడి ఉంటే పెంచండి. లేకపోతే ఇంట్లో ఇంకో పరికరం అదే ట్రిగ్గర్ వాడుతోందేమో చూడండి. మొదట తీసుకున్న పరికరం వదిలేదాకా రెండోదానికి ఇవ్వదు. ఒకరు ఆట ముగించి కన్సోల్‌ని స్లీప్‌లో పెడితే కూడా రూల్ కాసేపు అక్కడే ఉండిపోవచ్చు. పూర్తిగా ఆపేయమనండి.

*కరెంటు పోయి వచ్చాక పనిచేయట్లేదు.* రూల్ రౌటర్‌లో భద్రంగానే ఉంటుంది గానీ, తెరిచిన పోర్ట్‌ల జాబితా చెరిగిపోతుంది. గేమ్‌ని మూసి మళ్ళీ తెరిస్తే కొత్త ట్రిగ్గర్ వెళ్తుంది. అప్పటికీ కాకపోతే వ్యాన్ ఐపీ మళ్ళీ చూడండి. రీస్టార్ట్ తర్వాత కొన్ని కనెక్షన్లు పబ్లిక్ ఐపీ నుంచి 100.64 పరిధిలోకి జారిపోతాయి. అప్పుడు రూల్‌ని ముట్టుకోకుండా, పాత వ్యాన్ ఐపీ, కొత్త వ్యాన్ ఐపీ రెండూ చెప్పి కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి.